డబ్బాలో దీపం

పోయినసారి మిమ్మల్ని మా ముందుగది గుమ్మంలో నిలబెట్టి వదిలేశాను. కాళ్ళు లాగుతున్నాయేమో, లోపలికి రండి. ఆదివారం, పొద్దు వాలుతోంది. బట్టల సంచీ సర్ది తలుపు పక్కన పెట్టాను. చీకటి పడేలోపు మా ఆయన ఆస్పత్రిలో చేరాలి. తెల్లవారితే ఆపరేషన్. "గొంతులో మాట పలికే పెట్టె మొత్తం తీసేస్తామమ్మా. మనిషి దక్కుతాడు, మాట దక్కదు" అని డాక్టరమ్మ మొహమాటం లేకుండా చెప్పేసింది. బస్‌స్టాండులో ఏ బండి ఎక్కడ ఆగుతుందో, ఏది ఆలస్యమో మైకులో చెప్పడం ఆయన ఉద్యోగం. మొహం తెలియనివాళ్ళకి కూడా ఆ గొంతు తెలుసు. అలాంటి గొంతుకి మిగిలింది ఒక్క సాయంత్రం.

ఆ సాయంత్రం నాకిచ్చారనుకుంటున్నారా? అంత అదృష్టమా! వాళ్ళ అన్నయ్యకిచ్చారు.

బావగారి గొడవ తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెబుతాను. అన్నదమ్ములిద్దరికీ చిన్నప్పట్నుంచీ రేడియో పిచ్చి. వినే రేడియో కాదు, మనం మాట్లాడితే ఎక్కడో ఉన్న ఇంకో పిచ్చివాడు విని బదులు పలికే రేడియో. లైసెన్సులు తెచ్చుకుని, ఇద్దరూ కలిసి, లోపల ఎర్రగా వెలిగే గాజు వాల్వులతో ఒక సెట్టు కట్టుకున్నారు. తర్వాత బావగారు సముద్రం మీద లైట్‌హౌసు ఉద్యోగానికి పోయారు. సెట్టు మా ఇంట్లో ఉండిపోయింది. నేను కర్టెన్లు కుడతాను. కాలితో తొక్కీ తొక్కీ నా మోకాళ్ళు అరిగిపోతున్నాయని మా ఆయన ఆ సెట్టు అమ్మేసి, నాకు కరెంటు మిషను తెచ్చారు. అన్నయ్యకి మాట మాత్రంగానైనా చెప్పలేదు. అంతే, బావగారు కస్సుమన్నారు. "నీ చేతుల్తో మళ్ళీ అలాంటి సెట్టు కట్టి, దాని మీద పిలు. అప్పుడు పలుకుతాను. అంతవరకూ ఫోన్లు చెయ్యకు, నా గడప తొక్కకు" అన్నారు. అన్నట్టే ఫోను ఎత్తడం మానేశారు. ఏళ్ళు గడిచిపోయాయి.

జబ్బు సంగతి చెబితే ఎత్తేవారే. నేను చెబుతానన్నాను కూడా. మా ఆయన నా చెయ్యి తన నెత్తి మీద పెట్టుకుని ఒట్టు వేయించుకున్నారు. "జాలిపడి పలికే పలుకు నాకొద్దు. సెట్టు కడతాను, పిలుస్తాను. పలికితే పలుకుతాడు" అన్నారు. ఇద్దరికీ పౌరుషం మాత్రం సమానంగా పంచిపెట్టాడు దేవుడు.

అలా మొదలైంది కట్టడం. ఎన్ని వారాలు ఆ టంకం పొగ పీల్చానో నాకే తెలుసు. అల్యూమినియం రేకు మీద కన్నాలు వేసి వాల్వులు నిలబెట్టారు. బస్‌స్టాండులో కొత్త మైకు సెట్టు వచ్చాక మూల పడేసిన పాత యాంప్లిఫయరుని అడిగి తెచ్చుకున్నారు. రేడియో అలల మీద మాటని ఎక్కించడానికి అదే కావాలట. "ఇన్నాళ్ళూ నా గొంతు మోసింది ఇదే. ఈ ఒక్కసారీ మోస్తుంది" అన్నారు దాన్ని తుడుస్తూ. ప్లాస్టిక్ గొట్టానికి రాగి తీగ చుట్టి కాయిలు చెయ్యడం మాత్రం ఆయన వల్ల కాలేదు, చేతులు వణికాయి. "ఇటివ్వండి, దారం చుట్టే చెయ్యి ఇది" అని లాక్కుని నేనే చుట్టాను. వరసకి వరస అంటుకుని, మధ్యలో వెంట్రుక దూరే సందు లేకుండా చుట్టాను. మెచ్చుకున్నారా? "ఊఁ" అన్నారు. ఆయన ఊఁ అంటే అదే పెద్ద సన్మానం.

ఇక్కడ ఒక్క సంగతి జాగ్రత్తగా వినండి, తర్వాత పనికొస్తుంది. ఇలాంటి సెట్టుని పరీక్ష చేసేటప్పుడు ఊరికే గాలిలోకి వదలరు. గొంతుని గాలిలోకి పంపే డాబా మీది తీగకి బదులు ఒక బల్బు తగిలిస్తారు. బయటికి పోవలసిన శక్తంతా ఆ బల్బులో వెలుగుతుంది. మాట్లాడితే మాటకి తగ్గట్టు పెరుగుతుంది. మొదటిసారి అది చూసి నేను నోరు తెరిచేశాను. ఆయన మెల్లగా ఏదో అంటే బల్బు కొంచెం కదిలింది. "ఏమే!" అని గట్టిగా పిలిస్తే భగ్గుమంది.

"చూశావా, నిన్ను పిలిస్తే ఎలా మండిందో" అన్నారు.

"పిలిచిన నోటి మహిమ" అన్నాను నేను.

"సరేగానీ గుర్తు పెట్టుకో. బల్బు వెలిగిందంటే గొంతు ఇంట్లోనే ఉన్నట్టు. ఈ మీట అటు వేస్తే బల్బు ఆరిపోతుంది, గొంతు తీగ మీదకి ఎక్కుతుంది."

తీగ మీదకి ఎక్కిన మొదటిరోజే పక్కింటి ప్లీడరుగారు చొక్కా గుండీలు కూడా పెట్టుకోకుండా పరుగెత్తుకొచ్చారు. ఆయన టీవీలో వార్తలు చదివే అమ్మాయి మొహం కనబడుతూ, మా ఆయన గొంతు వినబడుతోందట. "ఇది చట్టరీత్యా నా శ్రవణశాంతికి భంగం" అని కేకలు. నేనూ తగ్గలేదు, "మీ టీవీకి మా ఆయన గొంతే గౌరవం" అన్నాను. చివరికి రాజీ కుదిరింది. పరీక్షలన్నీ బల్బుతోనే చేసుకోవాలి. ఆదివారం సాయంత్రం ఒక్కసారి తీగ మీద మాట్లాడుకోవచ్చు, ప్లీడరుగారు నోరు మూసుకుని భరిస్తారు. బల్బు విడిగా బయట వెలిగినా పక్కింట్లో కాస్త గరగరమంటోందని, మా ఆయన శనివారం దాన్ని ఒక బిస్కెట్ల డబ్బాలో పెట్టి మూత బిగించేశారు.

ఇక ఆదివారానికి రండి.

ప్రతి ఆదివారం ఈ వేళకి బావగారు తన సెట్టు మీద అందరినీ పలకరిస్తారు. మా ఆయన ఇన్నేళ్ళూ ఒక్క వారం మానకుండా, అమ్మకుండా ఉంచుకున్న పాత రిసీవరు మీద ఆ గొంతు వింటూనే ఉన్నారు. వినడానికి వేరే తీగ ఉంది, దానికి ఏ అడ్డూ లేదు. అడ్డంతా బదులు చెప్పడానికే.

రిసీవరులో హోరు. ఆ హోరు ఒక్కసారిగా ఆగింది. అవతల ఎవరైనా మైకు మీట నొక్కితే, ఇంకా నోరు విప్పకముందే హోరు ఆగిపోతుంది. మనిషి వచ్చాడని దానితోనే తెలిసిపోతుంది. తర్వాత బావగారి గొంతు వచ్చింది, కాస్త ముసలిదయింది. ఎవరో ఓడ మీది మనిషితో గాలివాన గురించి మాట్లాడారు. అది అయ్యాక అడిగారు.

"ఇంకెవరైనా ఉన్నారా? ఉంటే పలకండి."

మా ఆయన మైకు మీట నొక్కారు. మీటరు ముల్లు లేచింది. గొంతు ఎక్కువ వాడొద్దని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది, ఇక నూలుపోగంతే మిగిలిందని. ఆ పోగుని పట్టుకుని లాగారు.

"అన్నయ్యా! నేను, చిన్నోణ్ణి. సెట్టు కట్టాను. నా చేతుల్తో కట్టాను. కాయిలు నీ మరదలు చుట్టింది. వినిపిస్తోందా?"

మీట వదిలారు. హోరు.

"ఎవరైనా ఉన్నారా?" అన్నారు బావగారు మళ్ళీ, ఏమీ విననట్టే.

మళ్ళీ నొక్కారు. మళ్ళీ చెప్పారు. ఈసారి ఇంకా గట్టిగా అన్నారు. మెడ నరాలు తాళ్ళలా తేలాయి. "తప్పయిపోయింది అన్నయ్యా. నిన్ను అడగాల్సింది. అడక్కుండా అమ్మాను. ఒక్కసారి పలుకు" అన్నారు. మా పెళ్ళయినప్పటి నుంచీ ఆ నోటి నుంచి తప్పయిపోయింది అన్న మాట నేను వినలేదు. నా దగ్గర రాని మాట అక్కడ వచ్చింది. కోపం రావాల్సిన చోట నాకు ఏడుపొచ్చింది.

ఎన్నిసార్లు పిలిచారో లెక్క లేదు. మధ్యమధ్య దగ్గు. దగ్గుతూనే పిలుపు. గొంతు చిరిగి చిరిగి, చివరికి జీర ఒక్కటే మిగిలింది. అప్పుడు బావగారు అన్నారు.

"ఎవరూ లేనట్టున్నారు. సరే మరి, వస్తాను."

ఎవరూ లేరట! ఇక్కడ మనిషి ప్రాణం పెట్టి అరుస్తుంటే ఎవరూ లేరట! నా ఒళ్ళు మండిపోయింది. రిసీవరు ముందుకి వంగి నోటికొచ్చినట్టు తిట్టాను. "మీరొక మనిషేనా? గుండె ఉందా, రాయి ఉందా? పంతం నెగ్గించుకోవడానికి వేరే రోజు దొరకలేదా?" రిసీవరుని తిడితే ఎవరికి వినపడుతుంది? అయినా తిట్టాను. మనసు ఊరుకోలేదు.

మా ఆయన మైకు బల్ల మీద పెట్టారు. నా వైపు చూడలేదు. చెప్పులు తొడుక్కున్నారు. అప్పటికే ఆటో వచ్చి గేటు ముందు నిలబడింది.

"ఏమండీ" అన్నాను. పలకలేదు.

"ఆయన పలకకపోతే పోనీండి. నాతో ఒక్క మాట అనండి."

సంచీ అందుకున్నారు.

"రేపట్నుంచి ఎలాగూ ఉండదు కదండీ. ఇన్నేళ్ళూ బస్సులతో మాట్లాడారు, గాలితో మాట్లాడారు. నేనేం పాపం చేశాను? ఏమే అనండి చాలు. తిట్టండి, పోనీ తిట్టండి!"

నా కళ్ళలోకి చూశారు. పెదవులు బిగించి తల అడ్డంగా ఊపారు. వెళ్ళి ఆటోలో కూచున్నారు.

ఇక నాలో ఏమీ మిగల్లేదు. అన్న మీద కోపం పెళ్ళాం మీద చూపిస్తున్నారు, ఉన్న కాస్త మాటనీ నాకు దక్కకుండా తనతోనే పట్టుకుపోతున్నారు, అనుకున్నాను. గోడకి ఆనుకుని నిలబడిపోయాను. ఈ మనిషి కోసమా వెంట్రుక దూరకుండా తీగ చుట్టాను అనిపించింది. సెట్టుని ఎత్తి నేలకేసి కొడదామన్నంత కసి వచ్చింది. దానికీ ఓపిక లేదు.

గుమ్మంలో అలికిడైంది. పక్కింటి ప్లీడరుగారు. ఈసారి చొక్కా గుండీలు పెట్టుకునే వచ్చారు.

"వెళ్ళేముందు ఒకసారి పలకరిద్దామని వచ్చానమ్మా. అదేంటి, ఇవాళ మాట్లాడతానన్నారు, మాట్లాడలేదేం? ఒంట్లో బాలేదా?"

"మాట్లాడక ఏమిటండీ? గొంతు చించుకున్నారు. అవతలాయనకే చెవులు లేవు."

"లేదమ్మా. నేను టీవీ పెట్టుకుని కూచున్నాను, ఎప్పుడొస్తుందా అని. ఇవాళ భరిస్తానని మాటిచ్చాను కదా. చిన్న గరగర కూడా లేదు. వార్తలు ఆసాంతం శుభ్రంగా వినిపించాయి."



సెట్టు వెనక్కి వెళ్ళాను. బిస్కెట్ల డబ్బా మీద చెయ్యి వేశాను, చురుక్కుమని వెంటనే తీసేశాను. పొయ్యి మీది పెనంలా కాలుతోంది. కొంగు పట్టుకుని మూత లాగాను. లోపల బల్బు ఆరిపోయి ఉంది, గాజు నల్లబడి ఉంది. సెట్టు మీది మీట వైపు చూశాను. బల్బు వైపే ఉంది.

శనివారం ఆఖరి పరీక్ష చేసి, డబ్బా మూత బిగించి, మీట తిప్పడం మరిచిపోయారు. బల్బు కంటికి కనబడి ఉంటే నేనైనా అనేదాన్ని, ఏమండీ వెలుగుతోంది అని. పక్కింటి టీవీ కోసం కళ్ళకి గంతలు కట్టుకున్నాం. అన్నయ్యా అన్న పిలుపూ, తప్పయిపోయింది అన్న మాటా, అన్నీ ఆ డబ్బాలో మండి మసైపోయాయి. బావగారు పంతం పట్టలేదు. ఆయనకి నిజంగానే ఎవరూ వినపడలేదు.

చెప్పనా, మాననా? చెబితే, తప్పు తన చేతిదేనని తెలుసుకుని ఆపరేషను బల్ల ఎక్కుతారు. చెప్పకపోతే, అన్నయ్య కాదన్నాడనుకుంటూ ఎక్కుతారు. రెండింట్లో ఏది మేలో తేల్చుకునే తీరిక నాకెక్కడిది? వచ్చే ఆదివారానికి ఆ గొంతే ఉండదు. మీట పట్టుకుని అటు వేశాను. సెట్టు ఇంకా ఆపలేదు, వాల్వులు ఎర్రగానే ఉన్నాయి. నాకు లైసెన్సు లేదు, ఏమీ లేదు. మైకు తీసి నొక్కాను.

"బావగారూ! వెళ్ళకండి! ఉన్నారా?"

నా గొంతే పక్కింట్లోంచి నాకు వినిపించింది. "వస్తోందమ్మా, టీవీలో నువ్వొస్తున్నావు!" అని ప్లీడరుగారు తన గుమ్మంలోకి పరుగెత్తి అరిచారు. ఆ గోల విని ఆనందించడం ఆయన జన్మలో అదే మొదలు.

మీట వదిలాను. హోరు. ఎంతసేపో హోరు. అప్పుడు ఆగింది.

"ఎవరమ్మా? సెట్టు ఆపేయబోతుంటే వినపడింది. ఎవరు నువ్వు?"

"మీ మరదల్ని. మీరు కట్టమన్న సెట్టు మీద మాట్లాడుతున్నాను."

 ఆ ముసలి గొంతు వెంటనే అందుకుంది.

"కట్టాడా? చిన్నోడు కట్టాడా? వాణ్ణి పలకమను. వాడి నోటితో విననీ."

"అన్నయ్య పలికారండీ!" అని కిటికీలోంచి ఒక్క కేక వేశాను. ఆ కేకకి ఆటో అతను కూడా దిగాడు. మా ఆయన లోపలికి వచ్చారు. కాలుతున్న డబ్బా చూశారు, మీట చూశారు, నన్ను చూశారు. ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. ఆ మొహంలో వచ్చిన వెలుగు మీకు చెప్పలేను. మైకు లాక్కున్నారు. నొక్కారు. నోరు తెరిచారు.

గాలి వచ్చింది. ఉత్త గాలి.

మళ్ళీ తెరిచారు. మెడ నరాలు లేచాయి, కళ్ళ నీళ్ళు వచ్చాయి, మాట రాలేదు. ఆ నూలుపోగు తెగిపోయింది. డబ్బాలో బల్బుకి చెప్పీ చెప్పీ తెగిపోయింది. ఇందాక నాతో ఒక్క మాట అనమంటే తల అడ్డంగా ఊపింది అలిగి కాదు. ఇక రాదని. అది కోపమనుకుని నేనెన్ని మాటలన్నాను!

ఆయన చెయ్యి జారి మీట వదిలింది. బావగారి గొంతు వచ్చింది.

"మీట నొక్కావురా. హోరు ఆగింది. నువ్వక్కడున్నావని తెలుస్తూనే ఉంది. పలకవేం?"

ఆయన మళ్ళీ నొక్కారు. పెదవులు అన్నయ్యా అన్నాయి. అవతలికి వెళ్ళింది మౌనం.

"ఇంకా కోపమేనా?" అన్నారు బావగారు. "ప్రతి ఆదివారం ఎవరైనా ఉన్నారా అని అడిగేది ఎవర్నిరా? ఊళ్ళో వాళ్ళనా? నీకోసమే కదా. ఇన్నాళ్ళకి వచ్చి, నోరు మూసుకుని కూచుంటావా? పలకనన్న నా మాటే నాకు తిరిగిచ్చావు. సరే. నీ ఇష్టం. ఆపేస్తున్నాను."

నేను మైకు అందుకోబోయాను. మా ఆయన అరచేత్తో దాన్ని మూసేశారు. నా చెయ్యి పట్టుకుని తన నెత్తి మీద పెట్టుకున్నారు. ఒట్టు గుర్తు చేస్తున్నారు. ఆ స్థితిలో కూడా పౌరుషమే!

"ఒట్టు నా నెత్తిన పడనీండి" అన్నాను. ఆయన వేళ్ళు ఒక్కొక్కటే విడదీశాను. పెద్ద బలం కూడా లేదు వాటిలో. మీట నొక్కాను.

"బావగారూ, ఆయనకి కోపం లేదు. గొంతు లేదు. గొంతులో పుండు పుట్టింది, రేపు పొద్దున్నే మొత్తం తీసేస్తున్నారు. ఇందాకటి నుంచీ మిమ్మల్ని పిలిచీ పిలిచీ ఉన్నది కాస్తా పోగొట్టుకున్నారు. మీట తప్పు వైపు ఉంది, మీకు వినపడలేదు. అన్నయ్యా అన్నారు. తప్పయిపోయింది అన్నారు. నేను విన్నాను. మీరు వినాల్సింది నేను విన్నాను. ఇక మీరు ఆ గొంతు వినరు బావగారూ, నేనూ వినను."

మీట వదిలాను.

హోరు. బావగారు నా మాటలు విన్నారో, అంతకుముందే సెట్టు ఆపేశారో తెలియదు. బయట ఆటో హారన్ కొడుతోంది. చీకటి పడ్డాక వస్తే ఇవాళ చేర్చుకోబోమని ఆస్పత్రిలో ముందే చెప్పారు. మా ఆయన కుర్చీలో కూలబడి రిసీవరుకి చెవి ఆనించారు. నేను ఆయన భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాను. హోరు, హోరు, హోరు.

ఆగింది.

మా ఆయన చటుక్కున తలెత్తి నా చెయ్యి పట్టుకున్నారు. అవతల ఎవరో మీట నొక్కి పట్టుకున్నారు. వదలడం లేదు. మాట్లాడటమూ లేదు.